ఒప్పుకుంటే వదిలేస్తారు

"పంటలు మళ్ళీ వెయ్యాల్సిందే," అన్నాడు కమిషనర్.

అప్పటికే మూడుసార్లు వేశారు. మొదటిసారి చివర మిగిలింది కమిషనరే కాబట్టి అది చెల్లలేదు. రెండోసారి రెండుజడల పిల్ల మిగిలింది, ఆ పిల్లకి అప్పటికప్పుడు కాలు నొప్పి వచ్చింది. మూడోసారి కమిషనర్ తమ్ముడు బొండాం మిగిలాడు. వాడు పరిగెడితే లాగు జారిపోతుంది, పట్టుకుంటే ఏడుస్తాడు, వాణ్ణి దొంగని చేసి లాభం లేదు. నాలుగోసారి ఒక్కొక్కళ్ళే పండి పక్కకి తప్పుకోగా చివరికి పిచ్చుక మిగిలింది. "హమ్మయ్య, ఇప్పుడు సరిగ్గా పడ్డాయి!" అని అందరూ చప్పట్లు కొట్టారు.

గేటు దగ్గర స్టూలు మీద కూచున్న వాచ్‌మన్ ఇదంతా చూసి నవ్వుకున్నాడు. రోజూ జరిగే న్యాయమే. ఆ ఐదంతస్తుల భవనంలో బడి వదలగానే పిల్లలంతా కిందికి దిగుతారు. కార్లు ఇంకా తిరిగి రాని ఆ గంటన్నరా స్తంభాల మధ్య దొంగా పోలీసాట ఆడతారు, మూడో అంతస్తు కుర్రాడు ఎప్పుడూ పోలీసు కమిషనరే. పంటలు ఎన్నిసార్లు వేసినా ఇస్త్రీ ఆవిడ కూతురు పిచ్చుకే దొంగవుతుంది. పిచ్చుకకి కోపం రాదు. తొమ్మిదేళ్ళ పిల్ల, చేతికి చిక్కకుండా పరిగెత్తడంలో దాన్ని మించినవాళ్ళు ఆ భవనంలో లేరు, ఆ సంగతి దానికి తెలుసు.

"తాతా, విజిల్!" అని అరిచాడు కమిషనర్.

వాచ్‌మన్ విజిల్ ఊదాడు. అతను ఊదితేనే ఆట మొదలు, అతను ఊదితేనే ఆఖరు. అందుకే పిల్లలకి అతను విజిల్ తాత. పెద్దవాళ్ళకి "ఏమోయ్".

పిచ్చుక నీలం రంగు సీసామూత ఒకటి గుప్పిట్లో పెట్టుకుని పరిగెత్తింది. ఆ మూతే సొమ్ము. దొరికిపోయేలోపల దాన్ని ఎక్కడో ఒకచోట దాచెయ్యాలి. మోటారు గది చుట్టూ తిరిగింది, స్కూటర్ల వరస వెనక వంగింది, రెండుజడల పిల్ల చేతికింద నుంచి దూరి పోయింది. చివరికి నలుగురు కలిసి లిఫ్టు గోడకి అదిమి పట్టుకుని జైలుకి లాక్కుపోయారు.

జైలంటే మెట్ల కింద జాగా. ముందు భాగంలో ఇస్త్రీ బల్ల ఉంటుంది, దాని వెనక పైకప్పు ఏటవాలుగా దిగిపోయి పిల్లలు కూడా వంగి కూచోవాల్సినంత చోటు మిగులుతుంది. అదీ జైలు.

"బల్ల కదిలిందంటే తోలు తీస్తా ఒక్కొక్కళ్ళకీ," అంది ఇస్త్రీ ఆవిడ, తల ఎత్తకుండానే. బల్ల మీద నాలుగో అంతస్తు డాక్టరమ్మ తెల్లకోటు పరిచి ఉంది. ఆవిడ వేళ్ళతో నీళ్ళు చిలకరించింది, బొగ్గుల పెట్టె ఎత్తి ఆనించింది. చుయ్యిమంది. ముందు కాలరు, తర్వాత భుజాలు, తర్వాత చేతులు. జేబుల వంతు వచ్చేసరికి పెట్టె పక్కన పెట్టి వాటిని బయటికి తిరగేసి దులిపింది. ఒక పెన్ను మూత, నలిగిన చీటీ ఒకటి రాలాయి. చీటీని కూడా చదును చేసి, రెండింటినీ కోటు బొత్తానికి పిన్నీసుతో గుచ్చింది. జేబులో దొరికింది ఏదైనా సరే, బట్టతో పాటే పైకి పోవాలి. ఎవరిదో తెలియని గుండీ దొరికితే బల్ల కింద రేకు డబ్బాలో వేస్తుంది. పదకొండేళ్ళుగా అదే పద్ధతి.

"ఒప్పుకో," అన్నాడు కమిషనర్, జైలు ముందు నడుం మీద చేతులు పెట్టుకుని. "ఒప్పుకుంటే వదిలేస్తాం."

"నేనే తీశా, నేనే తీశా, నేనే తీశా," అని పిచ్చుక గబగబా అనేసి, బల్ల పక్కనుంచి అరచెయ్యి చాపింది. కమిషనర్ ఆ చేతి మీద ఫట్‌మని కొట్టాడు. పిచ్చుక బయటికొచ్చి, సొమ్ము దాచిన చోటికి పోయి, మూత తీసి చూపించింది. అయిపోయింది. మళ్ళీ పంటలు.

ఈ రూలు పెట్టింది తాతే. ఒకసారి బొండాంని గంటసేపు జైల్లో కూచోబెడితే వాడు ఏడ్చి ఏడ్చి కక్కుకున్నాడు. అప్పుడు తాత విజిల్ ఊది అందర్నీ నిలబెట్టి, "ఇదిగో, మూడుసార్లు నేనే తీశా అన్నాడంటే మారుమాట లేకుండా వదిలెయ్యాలి. చెయ్యి కొట్టి బయటికి పంపాలి. కాదన్నవాడికి రేపట్నుంచి ఆట లేదు," అన్నాడు. అప్పట్నుంచి ఆటలో ఏడుపులు తగ్గాయి. తాతకి ఆ రూలంటే కాస్త గర్వం కూడా.

"ఏం బాబాయ్, మీ కోర్టులో నా కూతురికి ఎన్నాళ్ళీ శిక్ష?" అంది ఇస్త్రీ ఆవిడ, కోటు మడత పెడుతూ.

"దాన్ని పట్టుకునే మొనగాడు పుట్టలేదమ్మాయ్. నలుగురు కావాల్సొచ్చింది చూడు," అన్నాడు తాత.

ఆవిడ నవ్వి, కోటు కూతురి చేతుల మీద పెట్టింది. పిచ్చుక రెండు చేతులూ చాపి, నలగకుండా, మెట్లెక్కి పోయింది.

మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మ స్వయంగా కిందికి దిగి వచ్చింది. ఎప్పుడూ లిఫ్టులోంచి నేరుగా కారులోకి వెళ్ళే మనిషి మెట్ల కింద నిలబడేసరికి ఇస్త్రీ ఆవిడ పెట్టె దించి కొంగుతో చేతులు తుడుచుకుంది.

"చూడమ్మా, నా ఉంగరం కనపడటం లేదు. రోగుల్ని చూసేటప్పుడు తీసి కోటు జేబులో వేసుకుంటాను. నిన్న కోటు నీకిచ్చేటప్పుడు జేబులు చూసుకోలేదు."

"జేబులు నేను చూశానమ్మా. పెన్ను మూత, చీటీ ఉన్నాయి. పిన్నీసుతో గుచ్చి పంపించా."

"అవి వచ్చాయి."

"ఉంగరం ఉంటే అదీ వచ్చేదమ్మా." ఇస్త్రీ ఆవిడ వంగి రేకు డబ్బా తీసి బల్ల మీద బోర్లించింది. గుండీలు, తలపిన్ను, విరిగిన దువ్వెన ముక్క, ఎప్పటిదో బస్సు టిక్కెట్టు. వేలితో విడదీసి ఒక్కొక్కటీ చూపించింది. డాక్టరమ్మ కూడా వంగి చూసింది. ఆవిడ గొంతులో కోపం లేదు. "మా అమ్మది ఆ ఉంగరం," అని మాత్రం అంది, కళ్ళు చెమర్చాయి.

అంతలో సెక్రటరీ గారు పాలపాకెట్లతో గేటు లోపలికి వచ్చారు. కమిషనర్‌కీ బొండాంకీ ఆయన తాతగారు. ఉద్యోగం విరమించాక ఆ భవనం సంఘానికి సెక్రటరీ అయ్యారు. మెట్ల మీద ఉమ్మరాదు, లిఫ్టులో సైకిళ్ళు ఎక్కించరాదు అని నోటీసులు రాయడమంటే ఆయనకి ప్రాణం. సంగతి వినగానే ఆయన ముఖం వెలిగింది.

"ఇలా మెట్ల కింద కాదు. గదిలోకి పదండి, పద్ధతిగా విచారిద్దాం. ఏమోయ్, నువ్వూ రా. ఆ పిల్లని కూడా పిలు. కోటు పైకి తెచ్చింది అదేగా."

పిచ్చుక బడి సంచీ భుజానేసుకుని బయల్దేరబోతోంది. తాతే వెళ్ళి పిలుచుకొచ్చాడు.

సంఘం గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గోడ నిండా కరెంటు మీటర్లు ఉన్నాయి. సెక్రటరీ గారు, డాక్టరమ్మ కూచున్నారు. తల్లీ కూతుళ్ళు నిలబడ్డారు. తాత తలుపు దగ్గర నిలబడ్డాడు.

ముందు తల్లిని అడిగారు. ఆవిడ అదే మాట చెప్పింది. మళ్ళీ అడిగారు. మళ్ళీ అదే చెప్పింది. మూడోసారి అడిగేసరికి ఆవిడ గొంతు పెరిగింది. "పదకొండేళ్ళల్లో మీ జేబుల్లో నోట్లు దొరికాయి, తాళాలు దొరికాయి. ఒక్కటి తక్కువైందా సార్?"

"అందుకే నిన్ను కాదు, పిల్లని అడుగుతా," అన్నారు సెక్రటరీ గారు. కుర్చీ ముందుకి లాక్కుని, గొంతు బాగా మెత్తగా చేసుకున్నారు. "పాపా, భయపడకు. నిన్నెవరూ ఏమీ అనరు. కోటు పట్టుకెళ్ళేటప్పుడు మెట్ల మీద ఏమైనా పడిందా? ఊరికే చూద్దామని తీశావా?"

పిచ్చుక తల అడ్డంగా ఊపింది.

"నిజం చెప్పు. బడికి వేళవుతోంది కదూ? ఒప్పుకో, వదిలేస్తాం."

పిచ్చుక ముఖంలో ఏదో తెలిసినట్టయింది. తాత ఆ ముఖాన్ని పక్కనుంచి చూస్తూనే ఉన్నాడు. అప్పటిదాకా బిగుసుకుపోయి నిలబడ్డ పిల్ల భుజాలు దించింది. తాత వైపు ఒకసారి చూసింది, విజిల్ ఊదే ముందు చూసినట్టు.

"నేనే తీశా, నేనే తీశా, నేనే తీశా."

అని, అరచెయ్యి చాపింది.

పిచ్చుక చెయ్యి అలాగే గాల్లో ఉంది. సెక్రటరీ గారు ఆ చెయ్యి వైపు చూసి, "ఏం, బహుమానం కావాలా?" అన్నారు.

"అయ్యో సార్! అది ఆటలో మాటండీ!" ఇస్త్రీ ఆవిడ ముందుకొచ్చి కూతురి చెయ్యి పట్టుకుని దించింది. "పిల్లలు రోజూ ఆడుకునే ఆటండీ. మూడుసార్లు అంటే వదిలేస్తారని—"

"ఉంగరం ఎక్కడ పెట్టావు?" సెక్రటరీ గారు ఆవిడ మాట వినిపించుకోలేదు. "వెళ్ళి తీసుకురా."

పిచ్చుక పరుగున వెళ్ళింది. డాక్టరమ్మ ఆశగా గుమ్మం వైపు చూసింది. నిమిషంలో పిల్ల తిరిగొచ్చి బల్ల మీద నీలం సీసామూత పెట్టింది.

సెక్రటరీ గారి చెంపలు ఎర్రబడ్డాయి. "చూశారా డాక్టరు గారూ, ఎంత పొగరో! దొంగతనమే కాదు, నాటకం కూడా నేర్పించారు."

"తాతని అడగండి సార్!" ఇస్త్రీ ఆవిడ తలుపు వైపు తిరిగింది. "ఆ రూలు పెట్టింది తాతే. చెప్పు బాబాయ్. నువ్వే కదా పెట్టావు? చెప్పు."

అందరూ తాత వైపు తిరిగారు.

"ఓహో," అన్నారు సెక్రటరీ గారు. "అంటే మా మనవళ్ళకి దొంగాటలు నేర్పుతున్నది నువ్వన్నమాట. గేటు కాపలాకి పెట్టుకుంటే నువ్వు చేసే నిర్వాకం ఇదా? మోటారు గదిలో ఉండనిస్తున్నది ఇందుకేనా?"

మోటారు గదే తాత ఇల్లు. ఆ గదిలో గోడవారగా మంచం ఉంది. మంచం మీద తుంటి విరిగిన భార్య ఉంది. ఆవిడని మోసుకుని ఏ గుమ్మం ఎక్కుతాడు? అతని నోట్లోంచి మాట అదంతట అదే వచ్చింది.

"నాకేం తెలీదు సార్. నేను గేటు దగ్గరుంటా."

ఇస్త్రీ ఆవిడ "బాబాయ్!" అని ఒక్క మాట అంది.

"ఆదివారం లోపల బల్ల ఎత్తెయ్," అన్నారు సెక్రటరీ గారు. "పోలీసుల దాకా పోకుండా వదిలేస్తున్నాం, సంతోషించు."

పిచ్చుక బల్ల మీద మూత తీసుకుని, జేబులో వేసుకుని, బడికి పోయింది. తనని వదిలేశారనే అనుకుంది.

ఆ మధ్యాహ్నం తాత భార్యకి రొట్టె ముక్క పాలల్లో ముంచి తినిపిస్తున్నాడు. మోటారు గదికి ఒకటే కిటికీ, అది సంఘం గది గోడ వైపే ఉంటుంది. ముసలావిడ మంచం దిగలేదు కానీ చెవులు మాత్రం భవనమంతా తిరిగొస్తాయి.

"పొద్దున ఇస్త్రీ అమ్మాయి అరుస్తోంది. నువ్వు చెప్పలేదా?"

"చెప్పబోయా."

"చెప్పబోయావా, చెప్పావా?"

తాత ఇంకో ముక్క ముంచాడు. ముసలావిడ నోరు తెరవలేదు.

"మనల్ని గది ఖాళీ చెయ్యమంటే ఎక్కడికి పోతాం? నిన్నెక్కడ పడుకోబెట్టను?" అన్నాడు.

"నన్ను అడ్డం పెట్టుకోకయ్యా," అంది ఆవిడ. "నీకు భయమేసింది. భయమేసిందని చెప్పుకో. నా పేరు ఎత్తకు."

పాలు గడ్డం మీదికి కారాయి. తాత తుండుగుడ్డతో తుడిచాడు. ఆవిడ ముఖం గోడ వైపు తిప్పుకుంది.

శుక్రవారం నోటీసు వచ్చింది. సెక్రటరీ గారు స్వయంగా రాసి, లిఫ్టు పక్కన అతికించమని తాత చేతికే ఇచ్చారు. "ఇటీవల ఎవరివైనా వస్తువులు కనపడకుండా పోయినచో ఈ కాగితంపై రాయగలరు." మొదటి వరసలో ఆయనే రాసి పెట్టారు: ఉంగరం, నాలుగో అంతస్తు.

తాత జిగురు పూసి, అరచేత్తో గట్టిగా రుద్ది అతికించాడు. సాయంత్రానికి కాగితం నిండిపోయింది. తాత కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదివాడు. రెండో అంతస్తువాళ్ళ గొడుగు పోయింది. దాన్ని వాళ్ళ బంధువే వానలో వేసుకుపోయాడు, గేటు తీసింది తాతే. ఐదో అంతస్తువాళ్ళ గరిటె పోయిందట. ఎవరిదో చంటిపిల్లాడి చెప్పు, ఎడమకాలిది. ఒక పుస్తకం, పేరు గుర్తులేదని రాశారు. కమిషనర్ వాళ్ళమ్మ రబ్బరు బంతి పోయిందని రాసింది. ఆ బంతిని కమిషనరే మొన్న నీళ్ళ ట్యాంకులో వేశాడు. మొత్తం పదకొండు వస్తువులు. ఒక్క ఉంగరం పోతే ఇంకో పదింటికి కాళ్ళొచ్చాయి! తాతకి నవ్వు రావాలి, రాలేదు. జేబులో పెన్ను ఉంది. గొడుగు ఎదురుగా "చుట్టం పట్టుకుపోయాడు" అని రాస్తే సరిపోతుంది. పెన్ను తీశాడు, మూత తీశాడు, లిఫ్టు చప్పుడైతే మళ్ళీ మూత పెట్టేశాడు.

ఆ సాయంత్రం ఆట లేదు. పిల్లల్ని ఎవరూ కిందికి పంపలేదు. బల్ల మీద బట్టలు కూడా లేవు. పైవాళ్ళెవరూ ఇవ్వలేదు. ఇస్త్రీ ఆవిడ ఖాళీ బల్ల ముందు పీట వేసుకుని కూచుంది. ఎదురుగా పిచ్చుక.

"ఎందుకే ఒప్పుకున్నావు? తియ్యలేదని చెప్పొచ్చు కదే?"

"చెప్పానుగా. తల ఊపాగా. వదల్లేదు," అంది పిచ్చుక. "ఒప్పుకుంటే వదిలేస్తారు కదమ్మా. తాత రూలు కదా."

తల్లి చెయ్యెత్తింది. కొట్టలేదు. ఎత్తిన చెయ్యి కూతురి నెత్తి మీద పెట్టి జుట్టు సవరించింది. గేటు దగ్గర తాత ఇటు వీపు పెట్టి కూచున్నాడు. అక్కడికి ప్రతి మాటా వినిపిస్తూనే ఉంది.

శనివారం పొద్దున అతను గడ్డం గీసుకుని, యూనిఫారం గుండీలన్నీ పెట్టుకుని నాలుగో అంతస్తు ఎక్కాడు. లిఫ్టు ఎక్కలేదు. మెట్టు మెట్టుకీ చెప్పాల్సిన మాటలు వల్లె వేసుకుంటూ ఎక్కాడు. తలుపు డాక్టరమ్మే తీసింది.

"అమ్మా, ఆ పిల్ల చెప్పింది నిజం కాదమ్మా. ఆటలో నేను ఒక రూలు..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

తలుపు పట్టుకున్న డాక్టరమ్మ వేలికి ఉంగరం ఉంది.

ఆవిడ కూడా తన వేలు చూసుకుంది. చెయ్యి వెనక్కి తీసుకోబోయి, తీసుకోలేక అలాగే ఉంచింది.

"నిన్న దొరికింది. ఆస్పత్రిలో చేతులు కడుక్కునే చోట సబ్బు పెట్టె కింద ఉంది. నాదే పొరపాటు."

"అయ్యో తల్లీ, ఎంత చల్లని మాట చెప్పారు!" తాత రెండు చేతులూ జోడించాడు. గుండెల మీంచి బండ దించినట్టయింది. "ఆ అమ్మాయికి చెప్పనామ్మా? రేపు బల్ల ఎత్తేస్తోంది. ఇప్పుడే చెప్పేస్తా."

"సెక్రటరీ గారికి నిన్ననే చెప్పాను." డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "ఆయన ఏమన్నారంటే... ఉంగరం దొరికితే దొరికింది కానీ, ఆ పిల్ల మన ముందే ఒప్పుకుంది కదా అన్నారు. ఏమీ తియ్యకుండా ఊరికే ఎవరైనా ఒప్పుకుంటారా, ఈ ఉంగరం కాకపోతే ఇంకోటేదో తీసే ఉంటుంది అన్నారు. కింద కాగితం చూశావుగా, అంతమంది అబద్ధం రాస్తారా?"

"అమ్మా, ఆ గొడుగు—"

"నాకు మాత్రం బాధగా లేదా? కానీ ఇరవై కుటుంబాలు ఒక మాట అనుకున్నాక నేనొక్కదాన్నే ఏం చెయ్యగలను?" ఆవిడ నిజంగానే బాధపడుతోంది. లోపలికి వెళ్ళి ఒక సంచీ తెచ్చింది. "పిల్లకి కొత్త గౌను. నువ్వే ఇచ్చెయ్. నేనిచ్చానని చెప్పకు."

తాత సంచీ అందుకోలేదు.

అక్కణ్ణుంచి నేరుగా మూడో అంతస్తుకి దిగి సెక్రటరీ గారి తలుపు కొట్టాడు. ఆయన బాల్కనీలో కూచుని గోళ్ళు తీసుకుంటున్నారు.

"సార్, ఆ రూలు నేనే పెట్టా సార్," అన్నాడు తాత, ఊపిరి ఆపకుండా. "ఒప్పుకుంటే వదిలెయ్యాలని పిల్లలకి నేనే చెప్పా. ఆ పిల్ల నా మాట నమ్మి అలా అంది. మొన్న తెలీదని అబద్ధమాడా. తప్పు నాది సార్. పంపిస్తే నన్ను పంపించండి."

సెక్రటరీ గారు కత్తెర ఆపి అతన్ని కిందనుంచి పైదాకా చూశారు. తర్వాత నవ్వారు. ఆ నవ్వులో కోపం కూడా లేదు.

"మొన్న తెలీదన్నావు, ఇవాళ తెలుసంటున్నావు. నీ ఏ మాట నమ్మాలోయ్? ఆవిడ వచ్చి కాళ్ళా వేళ్ళా పడి ఉంటుంది, నీకు జాలేసి ఉంటుంది. మంచివాడివే. కానీ ఇలాంటివి నెత్తి మీద వేసుకోకు." మళ్ళీ కత్తెర ఆడించారు. "సర్లే, ఒప్పుకున్నావుగా, వదిలేశా. పో, మోటారు వెయ్. ట్యాంకు ఖాళీ అయినట్టుంది."

తాత కిందికి దిగి మోటారు వేశాడు. లిఫ్టు పక్కన కాగితంలో ఉంగరం అన్న మాట మీద ఎవరో ఒక గీత కొట్టారు. మిగతా పదీ అలాగే ఉన్నాయి.

మోటారు గదిలో ముసలావిడ కళ్ళు తెరిచే ఉంది. "చెప్పావా?" అంది.

"చెప్పా."

"ఏమన్నారు?"

"మంచివాడినన్నారు," అన్నాడు తాత. అని, మంచం కోడు పట్టుకుని నేల మీద కూలబడి ఏడ్చాడు. మోటారు చప్పుడులో అది ఎవరికీ వినపడలేదు.

ఆదివారం మధ్యాహ్నం తోపుడుబండి వచ్చింది. ఇస్త్రీ ఆవిడ బొగ్గులు చల్లార్చి, బూడిద దులిపి, పెట్టెను గోనెగుడ్డలో చుట్టింది. బల్ల కాళ్ళు ఊడదీసి తాడుతో కట్టింది. రేకు డబ్బాలో గుండీలన్నీ కాగితం పొట్లంలో పోసి, మెట్ల మొదట్లో అందరికీ కనపడేలా పెట్టింది. ఆ చోటంతా ఊడ్చింది. పదకొండేళ్ళ పొగకి మెట్ల అడుగు నల్లబారిపోయింది. దాన్ని కూడా తడిగుడ్డతో రుద్ది చూసింది, పోలేదు.

తాత సాయం చెయ్యడానికి వచ్చి బండి పక్కన నిలబడ్డాడు. బల్ల చెక్క ఒక పక్క పట్టుకోబోతే ఆవిడ తనే ఎత్తి పెట్టేసుకుంది.

"అమ్మాయ్, ఉంగరం దొరికిందంట. డాక్టరమ్మే చెప్పింది," అన్నాడు.

"తెలుసు. వేలికి పెట్టుకుని నిన్న లిఫ్టు దిగింది. నన్ను చూసి చెయ్యి సంచీలో పెట్టుకుంది." ఆవిడ తాడు ముడి పళ్ళతో బిగించింది. "గేటు తియ్యండి."

పదకొండేళ్ళుగా "తియ్యి బాబాయ్" అన్న మనిషి.

తాత రెండు రెక్కలూ తెరిచాడు. బండి కదిలింది. పిచ్చుక బడి సంచీ వీపున వేసుకుని వెనకే నడిచింది. గేటు దాటేముందు ఆగింది.

"తాతా, నేను మూడుసార్లూ సరిగ్గానే అన్నా కదా?"

"సరిగ్గానే అన్నావు తల్లీ."

"మరి సెక్రటరీ తాతకి ఆ రూలు తెలీదా? చెయ్యి కొట్టలేదు." అని, అరచెయ్యి చాపింది. తాత కొడితే సరిపోతుందన్నట్టు చాపింది. ఆ చేతిలో బొగ్గు మరక ఉంది.

తాత చెయ్యి లేచింది. మూడో అంతస్తు బాల్కనీలో ఎవరో దగ్గారు. లేచిన చెయ్యి గేటు గడియ మీదికి పోయింది. ఎందుకు పోయిందో అతనికే తెలీదు. నిన్న అంత పెద్ద మాట చెప్పి వచ్చిన మనిషి! గడియ సరి చేస్తున్నట్టు పైకీ కిందికీ ఆడించాడు. పిచ్చుక కాసేపు చూసి చెయ్యి దించుకుంది. బండి మలుపు తిరుగుతుంటే పరిగెత్తి అందుకుంది. ఆ పరుగు అదే పరుగు.

సాయంత్రం పిల్లలు కిందికి వచ్చారు. కాగితం నిండింది, బల్ల పోయింది, ఇంక భయమేం లేదని పెద్దవాళ్ళు పంపించారు. పంటలు వేశారు. కమిషనర్ మిగిలాడు, అది చెల్లలేదు. రెండుజడల పిల్లకి కాలు నొప్పి. బొండాం అప్పుడే ఏడుపు మొదలుపెట్టాడు. నలుగురూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. పిచ్చుక లేకపోతే ఆట ఎలా ఆడాలో వాళ్ళకి తెలీలేదు.

"తాతా, నువ్వు దొంగగా ఉంటావా?" అన్నాడు కమిషనర్.

తాత స్టూలు మీంచి లేచాడు. విజిల్ మెడలోంచి తీసి బొండాం చేతిలో పెట్టాడు. బొండాం ఏడుపు మానేసి బుగ్గలు పూరించి ఊదాడు. తాత నాలుగు అడుగులు వేశాడు, అంతే. పరిగెత్తలేదు. పిల్లలు కేరింతలు కొడుతూ చుట్టుముట్టి, చొక్కా పట్టుకుని, మెట్ల కిందికి లాక్కుపోయారు.

బల్ల లేకపోయేసరికి జైలు విశాలంగా ఉంది. అయినా లోపలి మూలకి పోవాలంటే వంగాల్సి వచ్చింది. తాత నల్లబారిన మెట్ల అడుగు తలకి తగలకుండా గొంతుక్కూచున్నాడు. బొగ్గు వాసన ఇంకా పోలేదు.

"ఒప్పుకో," అన్నాడు కమిషనర్. "ఒప్పుకుంటే వదిలేస్తాం."

"నేనే," అన్నాడు తాత. "నేనేరా. నేనే."

"తీశా అనాలి. సర్లే." కమిషనర్ చెయ్యి చాచి, తాత మోకాలి మీదున్న చేతిని తిరగేసి, అరచేతి మీద ఫట్‌మని కొట్టాడు. "అయిపోయింది. వచ్చెయ్ తాతా."

తాత లేవలేదు.

"ఏం తీశానో అడగవేంరా?"

"అది అడగం కదా," అన్నాడు కమిషనర్, అప్పటికే వెనక్కి తిరిగి. "ఒప్పుకుంటే చాలు. రూలు నువ్వే కదా పెట్టావు?"